ఖాళీ వీధుల టైమ్‌టేబుల్

మావగారు గది తలుపు గడియ పెట్టుకుని రెండు రాత్రులూ ఒక పగలూ గడిచాయి. ఆయన లోపల ఒంటరిగా లేడు. ఊరి మ్యాపు, అడుగు పొడవు స్కేలు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి పెన్సిలు కూడా ఆయనతోనే ఉన్నాయి.

మనిషి ఒక్కడే అలిగి కూర్చుని ఉంటే కోడలు ఇంత కంగారు పడేది కాదు. తలుపు దగ్గర పెట్టిన పళ్ళెం ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతూనే ఉంది కాబట్టి ఆకలి బెంగ లేదు. గదిలోనే బాత్రూము ఉంది కాబట్టి ఆయనకి బయటికి రావలసిన అవసరమూ లేదు. బెంగంతా మ్యాపు గురించే. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు టైమ్ కీపరుగా చేసిన పెద్దమనిషి తన చేత్తో గీసుకున్న మ్యాపు అది. ఏ సందు ఎక్కడ మూసుకుపోతుందో, ఏ మలుపులో బండి ఇరుక్కుంటుందో, ఎవరి మెట్లు రోడ్డు మీదకి పొడుచుకొచ్చాయో అన్నీ అందులో ఉన్నాయి. అలాంటిది మున్సిపల్ ఆఫీసులో కూడా లేదు. కోడలు పనిచేసేది ఆ ఆఫీసులోనే కాబట్టి ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

పొద్దున్న తొమ్మిదయింది. సాయంత్రం నాలుగింటికి పెద్దాఫీసరు ఫోను చేసి ఒకే ఒక్క అంకె అడుగుతాడు. ఆ అంకె ఇరవై రెండుకి తగ్గకూడదు.

జబ్బు ఊరంతా పాకినప్పటినుంచి, రోగులున్న ఇళ్ళలో వాడి పారేసిన మాస్కులూ, గ్లవుజులూ, దూదీ, తుడిచిన గుడ్డలూ పసుపు సంచుల్లో కట్టించి, వేరే బండ్లలో తెప్పించి, ఊరి చివర కొలిమిలో కాల్పించే పని కోడలిది. ఆస్పత్రి సంచులతో చిక్కు లేదు, అవి ఠంచనుగా వస్తున్నాయి. ఇళ్ళనుంచే రావడం లేదు. రాని సంచి గాలిలో కలిసిపోదు కదా, వీధి చివరి మామూలు చెత్తకుండీలోకి పోతోంది. దాన్ని ఊడ్చేవాళ్ళు ఉత్త చేతులతో ఎత్తుతున్నారు. పది రోజుల్లో వాళ్ళలో నలుగురికి జ్వరం పట్టుకుంది. ఒకావిడ ఇంకా ఆక్సిజన్ మీదే ఉంది. కోడలు రోజూ ఎక్కే ఆఫీసు మెట్లు ఊడ్చేది ఆవిడే.

మొన్న పొద్దున్న మూడు బండ్లతో మొదటిసారి ఇళ్ళకి వెళ్ళారు. రోగులున్నట్టు తెలిసిన ఇళ్ళ లిస్టులో నలభై మూడుంటే వచ్చిన సంచులు ఆరు. సాయంత్రం ఫోనులో పెద్దాఫీసరు కేకలెయ్యలేదు, మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనానికే ఆఫీసులో అందరూ హడలిపోతారు. ఎల్లుండికల్లా సగం ఇళ్ళయినా ఇవ్వకపోతే బండ్లు మూడూ ఆస్పత్రికే వేసేస్తానని, ఇళ్ళ సంగతి ఇక మర్చిపోవలసిందేనని చెప్పాడు.

అప్పుడే కోడలు నోరు జారింది. ఫోను స్పీకరులో ఉంది, ఇంటిల్లిపాదీ వింటున్నారు.

"టైమింగులు నావి కావు సార్. మా మావగారు వేశారు. ఆయనకి బస్సుల అలవాటు," అనేసింది.

ఆ మాట పూర్తయిందో లేదో గదిలో గడియ పడింది.

ఇదీ మొన్నటి గొడవ. నిన్నంతా రాయబారాలతో సరిపోయింది. కోడలి భర్త బడిలో లెక్కల మాస్టారు. బడి మూసేశారు కాబట్టి వసారాలో కంప్యూటరు పెట్టుకుని పిల్లలకి పాఠం చెబుతున్నాడు. అటు భిన్నాలు చెబుతూనే ఇటు తండ్రి తలుపు తట్టి, మ్యాపు తలుపు కిందనుంచి తోసెయ్యమనీ, అలక దగ్గరే ఉంచుకోమనీ బతిమాలాడు. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. అత్తగారైతే అసలు ఎవరి పక్షమూ చేరలేదు. ముప్పై నాలుగేళ్ళ డిపో కబుర్లు వినడం రెండు రోజులు తప్పిందన్నట్టు హాయిగా వంటింట్లో తన పని తను చూసుకుంటోంది.

కోడలు మళ్ళీ తలుపు తట్టింది. మావయ్యగారూ అని పిలిచింది. మ్యాపు ఒక్క గంట ఇస్తే చాలంది. సమయం తొమ్మిది దాటిందంది.

సమయం మాట వినగానే లోపల కుర్చీ కిర్రుమంది. టైమ్ కీపరుకి అది చాలు.

"తొమ్మిదీ పది," అన్నాడు లోపల్నించి. "గడియారం నాకూ ఉంది. మొన్నామధ్య కొలిమి దగ్గర మూడు బండ్లూ ఒకేసారి వచ్చి పడుతున్నాయి, మూడోది ఎండలో గంటలకొద్దీ నిలబడుతోంది అని తల పట్టుకున్నావు. నలభై నిమిషాలకో బండి చేరేట్టు సర్దిపెట్టింది ఎవరు?"

"మీరే."

"పెద్దాఫీసరు శభాష్ అన్నాడు. అప్పుడు మా మావగారు చేశారు సార్ అన్నావా?"

కోడలు తలుపు మీదనుంచి చెయ్యి తీసేసింది.

"శభాష్ వస్తే నీది. చీవాట్లు వస్తే నావి. ముప్పై నాలుగేళ్ళలో ఏ డిపోలోనూ ఈ పద్ధతి చూడలేదమ్మా."

అది నిజం కాబట్టే ఆమెకి అంత బాధ కలిగింది. ఆరోజు శభాష్ విని మురిసిపోయి, మావగారి పేరు చెబుదామనుకుంటూనే ఊరుకుంది. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. ఆ తర్వాత అనేది రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అలాగే తలుపుకి తల ఆనించి నిలబడిపోయింది.

అంతలో వసారాలో కంప్యూటరులోంచి ఒక సన్నటి గొంతు, "సార్, తాతగారు బయటికొచ్చారా?" అని అడిగింది. దాని వెనకే ముప్పైమంది కిసుక్కున నవ్వారు. మాస్టారు మైకు కట్టెయ్యడం మర్చిపోయాడని అప్పుడు తేలింది. రెండు రోజులుగా ఈ ఇంటి రాయబారాలన్నీ తరగతి మొత్తం భిన్నాలతోబాటు విని నేర్చుకుంది. మాస్టారు మొహం కందగడ్డలా చేసుకుని మైకు కట్టేశాడు. గదిలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్న చప్పుడు వినిపించింది. నవ్వినా గడియ మాత్రం తియ్యలేదు.

మ్యాపు రాకపోతే పోనీ, అసలు మొన్న ఎక్కడ బెడిసిందో తెలుసుకుందామని కోడలు కండక్టరమ్మకి ఫోను చేసింది. బస్సులు ఆగిపోయాక డిపోవాళ్ళని కొందరిని మున్సిపాలిటీకి పంపారు. కండక్టరమ్మ అలా వచ్చిన మనిషి. ఒకటో బండి ఆవిడదే. ఇరవై ఏళ్ళు మావగారి చేతికింద చేసింది కాబట్టి టైము విషయంలో ఆవిడకి వంక పెట్టలేం.

"ఒక్క నిమిషం లేటు లేదు మేడమ్," అంది కండక్టరమ్మ గర్వంగా. "సరిగ్గా ఎనిమిదికి దర్జీల వీధి మలుపు. ఆపాం. రెండు ఈలలు వేశాను. పసుపు సంచి వాళ్ళు ముందుకు రావాలి, త్వరగా, త్వరగా అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను. పాల బూత్ దగ్గర ఇరవైమంది నిలబడి ఉన్నారు, అందరూ తిరిగి చూశారు. సంచులవాళ్ళు మాత్రం ఒక్కరూ కదల్లేదు. ఏం జనమో."

ప్రతి వీధిలోనూ ఇదే వరస అట. కోడలు ఫోను పెట్టేసి నిట్టూర్చింది. జనానికి బాధ్యత లేదని, ఇంటింటికీ కాగితాలు అచ్చువేయించి పంచాలేమోనని, అది సాయంత్రంలోగా అయ్యే పని కాదని, నిలబడ్డచోటే పైకి వాపోయింది.

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"వాళ్ళకి కాగితాలెందుకు?" అంది అత్తగారు. రెండు రోజుల్లో ఆవిడ ఈ గొడవలో ఇదే మొదటిసారి నోరు విప్పడం. "దర్జీల వీధిలో నా స్నేహితురాలు ఉంది చూడు. వాళ్ళాయనకి పది రోజులుగా జ్వరం. మొన్న సంచి నువ్వు చెప్పినట్టే రెండు పొరలుగా కట్టింది, పైన మందునీళ్ళు చల్లింది, చేత్తో పట్టుకుని తలుపు వెనక నిలబడింది. ఈల వినపడింది. తలుపు సందులోంచి చూస్తే ఇరవైమంది. సంచి తీసుకెళ్ళి కుట్టుమిషను కింద దాచేసింది. ఇంకా అక్కడే ఉంది."

"ఎందుకత్తయ్యా?"

"ఆ ఇరవైమందిలో పదిమంది ఆవిడకి బట్టలిచ్చేవాళ్ళు. ఆ సంచి చూశాక రేపు ఎవరిస్తారు? ఇల్లు అద్దెకిచ్చినవాడు ఊరుకుంటాడా? అంతమందిలో ఈల వేసి పిలిస్తే ఏ ఇల్లాలొస్తుంది? నేనైతే రాను."

అంత చదువుకుని, ఇన్ని చార్టులు గీసి, ఇది తనకి తట్టలేదేమని కోడలు అవాక్కయింది. సంచి ఎంత మందం ఉండాలో ఆలోచించింది, ఎంత బరువుకి మూతి కట్టాలో ఆలోచించింది, దాన్ని పట్టుకుని గడప దాటే మనిషి మొహాన్ని ఒక్కసారీ తలుచుకోలేదు.

గదిలో గడియ తీసిన చప్పుడైంది.

మావగారు గుమ్మంలో నిలబడ్డాడు. రెండు రోజుల గడ్డం, చంకలో చుట్టిన మ్యాపు. కోపంగా లేడు. మొహం పాలిపోయి ఉంది.

"జనం నిండుగా ఉన్న వేళ చూసి మరీ పంపాను," అన్నాడు మెల్లిగా. "బస్సు ఖాళీగా తిరిగితే పాపం. ఏ వీధికి ఏ వేళ జనం ఎక్కువో నాకు నోటికొచ్చు. అన్నీ వెతికి, ఒక్కో వీధికి కిటకిటలాడే వేళ చూసి వేశాను. మంచిదే చేశాననుకున్నాను."

ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. దానికి ముప్పై నాలుగేళ్ళ అనుభవం కావాలి.

కోడలు ఎదురెళ్ళింది. "ఆ టైమింగులు నేను చదివి సంతకం పెట్టాను మావయ్యగారూ. ఎనిమిదింటికి పాల దగ్గర జనం ఉంటారని నాకూ తెలుసు. మొన్న ఫోనులో తప్పు ఇద్దరిదీ అని చెప్పాల్సింది. మీ ఒక్కరి మీదకే తోసేశాను. శభాష్ వచ్చినప్పుడు మింగేశాను. నన్ను క్షమించండి."

మావగారు మ్యాపు వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. జేబులోంచి పెన్సిలు తీసి ఆమె చేతికిచ్చాడు.

"మొద్దుబారింది. చెక్కిపెట్టు," అన్నాడు.

ఆ ఇంట్లో అంతకంటే పెద్ద క్షమాపణలూ మన్నింపులూ ఉండవు. కోడలికి కళ్ళు చెమర్చాయి. పెన్సిలు చెక్కుతూ రెండుసార్లు ములుకు విరగ్గొట్టింది.

పదింటికల్లా భోజనాల బల్ల మీద మ్యాపు పరిచారు. మావగారు గదిలోంచి పాత రిజిస్టర్లు మోసుకొచ్చాడు. ఏ స్టాపులో ఏ గంటకి ఎంతమంది ఎక్కారో ఏళ్ళ తరబడి రాసుకున్న పుస్తకాలు. డిపోవాళ్ళు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నాడు. అత్తగారు వాటిని అటక మీదనుంచి చెత్తలోకి పంపాలని పదేళ్ళుగా ప్రయత్నిస్తోంది.

"ఇందులో సున్నాలు వెతుకు," అన్నాడు కోడలితో. "ఖాళీ ట్రిప్పు పడితే నాకు మెమో వచ్చేది. సున్నా చూస్తే గుండె దడ పుట్టేది. ఇవాళ సున్నా కనిపిస్తే ముద్దొస్తోంది."

సున్నాలు దొరికాయి. ఆఫీసువాళ్ళ కాలనీ పన్నెండూ నలభైకి ఖాళీ. దర్జీల వీధి ఒకటిన్నరకి భోజనాలై తలుపులు వేసుకుంటుంది. బడి వెనక సందుల్లో రెండున్నర దాటాక పురుగు కూడా తిరగదు. ఇవన్నీ జబ్బు రాకముందు లెక్కలు కదా అని మాస్టారు అనుమానం వెలిబుచ్చాడు. మాస్కు మొహానికే పెట్టుకున్నారు గానీ అలవాట్లకి పెట్టుకోలేదని తండ్రి కొట్టిపారేశాడు.

అత్తగారు ఊరుకోలేదు. చెయ్యి తుడుచుకుని ఫోను పట్టుకుంది. ఆవిడ స్నేహితురాళ్ళు ఊళ్ళో ఏ వీధిలో లేరో చెప్పడం కష్టం. ఒక్కొక్కరికీ ఫోను చేసి, రెండు మాటలు కుశలం అడిగి, మూడో మాటకి వీధి ఎప్పుడు ఖాళీగా ఉంటుందో లాగేది. బడి వెనక సందుల్లో ఇప్పుడు రెండున్నరకి నీళ్ళ బండి వస్తోందని, బిందెలతో అందరూ బయటే ఉంటున్నారని తేలింది. మావగారు ఆ సున్నాని కొట్టేసి మూడూ పది చేశాడు.

"నీ రిజిస్టరు నా రిజిస్టరుకంటే పెద్దదే," అన్నాడు భార్యతో.

"అటక మీద చోటు మాత్రం అడగదు," అంది ఆవిడ.

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే ఇంకో చిక్కు బయటపెట్టింది. వీధి ఖాళీగా ఉన్నా సంచి పసుపు పసుపే. మెట్ల మీద పెడితే ఎదురింటి కిటికీలోంచి కనిపిస్తుంది. రంగు మార్చడానికి లేదు, కొలిమి దగ్గర ఆ రంగు చూసే తీసుకుంటారు.

అత్తగారు ఫోను చెవినుంచి తియ్యకుండానే మూల ఉన్న మూత బకెట్టు వైపు వేలు చూపించింది.

నిజమే, బకెట్టు లేని ఇల్లుందా? సంచి బకెట్లో పెట్టి, మూత వేసి, మెట్టు మీద ఉంచి, తలుపు వేసుకుంటే చాలు. కుక్కలు చింపవు, ఎవరికీ కనపడదు. బండి వస్తుంది, ఆగదన్నట్టు ఆగుతుంది. మనిషి దిగి సంచి తీసుకుని, బకెట్లో మందునీళ్ళు చల్లి, మూత పెట్టేసి వెళ్ళిపోతుంది. తలుపు తట్టదు, పిలవదు. కోడలు ఇదంతా కాగితం మీద రాసి చూసుకుంది. నెల రోజులుగా ఆమె వేసిన ప్లాన్లలో ఇంత చిన్నది ఇంకోటి లేదు.

అత్తగారు మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టింది. ఈసారి అడగడానికి కాదు, చెప్పడానికి. మావగారు కండక్టరమ్మకి ఫోను చేశాడు.

"ఈల ఇంట్లో పెట్టి రా," అన్నాడు.

"ఈల లేకుండా బండి ఎలా కదుల్తుంది సార్?" అంది కండక్టరమ్మ.

"మెల్లగా," అన్నాడు మావగారు.

పన్నెండూ నలభైకి ఒకటో బండి ఆఫీసువాళ్ళ కాలనీలోకి తిరిగింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. మాస్టారు తరగతికి సెలవిచ్చేశాడు. మావగారు మ్యాపు మీద వేలు పెట్టి, గడియారం చూస్తూ, బండి ఎక్కడుందో ఇక్కడినుంచే చెబుతున్నాడు. కోడలు ఫోను పట్టుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతోంది.

కాలనీలో తొమ్మిది ఇళ్ళు. ఎనిమిది బకెట్లు.

కోడలు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. మావగారు అప్పుడే సంబరపడొద్దని హెచ్చరించి, తను మాత్రం మీసం కింద నవ్వుకున్నాడు. దర్జీల వీధిలో ఏడిళ్ళు, ఏడు బకెట్లు. అందులో అత్తగారి స్నేహితురాలివి రెండు సంచులు, మొన్నటిదీ ఇవాళ్టిదీ. అది విని అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వంటింట్లో పని ఉన్నట్టు లోపలికెళ్ళింది. రెండో బండి రెండుంబావుకి తొమ్మిది ఇళ్ళు ముగించి ఎనిమిది చెప్పింది.

"ఇరవై మూడు," అన్నాడు మాస్టారు, వేళ్ళ మీద లెక్కపెట్టి. లెక్కల మాస్టారు వేళ్ళు వాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

కోడలు కుర్చీలో కూలబడి నవ్వింది. ఆక్సిజన్ మీదున్న ఆవిడ గుర్తొచ్చి, నవ్వుతూనే ఏడ్చింది. మావగారు ఆమె తల మీద చెయ్యి వేసి, మూడూ పదికి ఇంకా సందులున్నాయమ్మా, లే అన్నాడు.

సందుల దగ్గరే వింత జరిగింది. అంకె ముప్పై దాటింది, నలభై దాటింది, నలభై మూడు దగ్గర ఆగకుండా నలభై నాలుగైంది. ఇళ్ళే నలభై మూడైతే నలభై నాలుగోది ఎక్కడిదని మాస్టారు వాదనకి దిగాడు. మూడు ముప్పై ఐదుకి కండక్టరమ్మ ఫోను చేసింది. ఆవిడ గొంతులో ఈల లేని లోటేమీ లేదు.

మొత్తం యాభై ఎనిమిది ఇళ్ళ మెట్ల మీద బకెట్లు. లిస్టులో ఉన్న ఇళ్ళు నలభై. లిస్టులో లేనివి పద్దెనిమిది. మొదట ఉత్త బకెట్లేమో అనుకుని మూత తీసి చూశారట. అన్నిట్లోనూ సంచులు, రెండు పొరలుగా, మూతి కట్టి, చక్కగా. పసుపు సంచి దొరకనివాళ్ళు పసుపు గుడ్డ ముక్క కట్టారు. కొలిమి దగ్గర ఎవరూ ఎండలో నిలబడలేదు. నలభై నిమిషాలకో బండి వచ్చినట్టే వచ్చింది.

"ఆ పద్దెనిమిది ఇళ్ళూ ఎవరివో రాసుకున్నావా?" అని కోడలు అడిగింది.

"బస్సెక్కినవాళ్ళ పేర్లు కండక్టరు అడుగుతుందా మేడమ్? తలకాయలు లెక్కపెడుతుంది," అంది కండక్టరమ్మ.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు కిటికీ బయటికి చూస్తోంది.

"లిస్టులో ఉన్నవాళ్ళకే చెప్పమని నాకెవరూ చెప్పలేదు," అంది. "నేను నా స్నేహితురాళ్ళకి చెప్పాను. వాళ్ళు వాళ్ళ స్నేహితురాళ్ళకి చెప్పుకున్నారు."

నాలుగైంది. పెద్దాఫీసరు ఫోను వచ్చింది. కోడలు తనే స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

యాభై ఎనిమిది, అందులో లిస్టులో లేనివి పద్దెనిమిది అని చెప్పింది. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. శభాష్ అన్నాడు. ఈసారి కోడలు ఊపిరి కూడా తీసుకోకుండా, "టైమింగులు మా మావగారివి సార్. వీధులూ బకెట్లూ మా అత్తగారివి. నేను రాసుకున్నానంతే," అంది. మావగారు చొక్కా గుండీలు సవరించుకున్నాడు, ఫోనులో కనపడతాడన్నట్టు. ఆయన ఇరవై ఏళ్ళు చిన్నవాడైపోయాడని మాస్టారు తర్వాత చాలారోజులు చెప్పుకున్నాడు.

బండ్లు ఇళ్ళకే ఉంటాయని పెద్దాఫీసరు మాటిచ్చాడు. రేపటినుంచి ఊడ్చేవాళ్ళెవరూ కుండీల్లో చెయ్యి పెట్టనక్కర్లేదన్నాడు. మాస్టారు చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

"లిస్టులో లేనివి పద్దెనిమిది అన్నారు కదా," అన్నాడు పెద్దాఫీసరు మెత్తగా. "ఆ ఇళ్ళ నంబర్లు ఐదింటికల్లా పంపండి."

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. పద్దెనిమిది ఇళ్ళలో ఎవరికి ఊపిరి ఆడటం లేదో, డాక్టరు ఎక్కడికి వెళ్ళాలో తెలియాలి. కానీ ఆ నంబర్లు ఇస్తే రేపు ఆ మెట్ల మీద బకెట్లు ఉండవు. మళ్ళీ కుట్టుమిషన్ల కిందకీ కుండీల్లోకీ పోతాయి.

"రాసుకోలేదు సార్," అంది కోడలు. "అడిగితే ఇచ్చేవాళ్ళు కాదు. ఒక వారం టైమివ్వండి. డాక్టరు కావాలంటే వాళ్ళే చెప్పేట్టు చూస్తాను."

"వారంలో ఏమైనా అయితే?"

కోడలు అత్తగారి వైపు చూసింది.

"సరే, మీరు రాసుకోకపోతే నేను రాసుకుంటాను," అన్నాడు పెద్దాఫీసరు. "రేపు ఒకటో బండిలో నేనూ వస్తాను. ఎన్నింటికి బయల్దేరుతుందో మీ మావగారిని చెప్పమనండి."

ఫోను ఆగిపోయింది. మావగారు మ్యాపు మీదనుంచి వేలు తీసేశాడు. మాస్టారు నిలబడ్డవాడు కూర్చున్నాడు.

"బండి వస్తుంది, వెళ్ళిపోతుంది, ఎవరూ చూడరు, ఎవరూ రాయరు," అంది అత్తగారు. "అలా అనే చెప్పాను అందరికీ. ఆ మాట మీదే పెట్టారు."

ఆవిడ చేతిలో ఫోను మోగింది. దర్జీల వీధి స్నేహితురాలు. అత్తగారు ఎత్తి, వింటూ వింటూ మొదట నవ్వింది, తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఫోను మీద అరచెయ్యి మూసి కోడలి వైపు తిరిగింది.

"వాళ్ళ వెనక వీధిలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళు రేపు బకెట్లు పెడతామంటున్నారట. ఎవరూ రాసుకోరు కదా అని ఒక్కసారి అడిగి చెప్పమన్నారట," అంది. "లైన్లో ఉంది. ఏం చెప్పమంటావు?"